కాంటా కంప్యూటర్ పానం మీదికొచ్చింది: ఎక్స్‌పీని కొత్త సిస్టమ్‌లో వర్చువల్‌గా నడపొచ్చా?

మిర్యాలగూడ కాంటా | శనివారం రాత్రి 9:12
అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. గేటు కాడ వే బ్రిడ్జి ఉన్నది. దానికి పెట్టిన కంప్యూటర్ పాత పెంటియం, విండోస్ ఎక్స్‌పీ. బండి కాంటా మీదికి ఎక్కంగనే ఇండికేటర్ నుంచి బరువు సీరియల్ కేబుల్‌ల వస్తది, ఆపరేటర్ బండి నంబర్ కొట్టి స్లిప్పు తీస్తడు. ఇన్నేండ్లు మంచిగనే నడిచింది. ఇప్పుడు హార్డ్ డిస్క్ టక్ టక్ అంటున్నది, ఒక్కోసారి పొద్దున ఆన్ చేస్తే మూడో నాలుగో సారికి గానీ లేస్తలేదు.

సాఫ్ట్‌వేర్ రాసిచ్చినాయన దుకాణం ఎత్తేసిండు. సీడీ లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనొచ్చు గానీ పాత లెక్కలన్నీ దాంట్లనే ఉన్నయ్, రైతుల పేర్లు, బండ్ల ఖాళీ బరువులు అన్నీ. మా బావమరిది కొత్త సిస్టమ్ తెచ్చిండు: ఐ3, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11 హోమ్. దాని మీద ఎక్స్‌పీ ఎక్కదంటున్నరు. వర్చువల్‌బాక్స్‌ల, అంటే కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్‌ల పెడితే నడుస్తదని ఇంకొకాయన చెప్పిండు. నడుస్తదా? ఇంకోటి, కొత్త సిస్టమ్‌కు ఆ తొమ్మిది పిన్నుల కేబుల్ పెట్టే జాగనే లేదు. యాసంగి వడ్లు మొదలైతే గేటు బయట ట్రాక్టర్లు లైను కడ్తయ్. అంతకు ముందే తేల్చుకోవాలె.

నల్లగొండ రిపేర్ | శనివారం రాత్రి 9:31
నడుస్తది. కానీ ముందుగాల ఆ పాత మిషన్ బంద్ పెట్టు అన్నా. టక్ టక్ అనే డిస్క్‌ను ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకింత పోతది. రేపు ఒక్క రోజు చేతి స్లిప్పులు రాసుకోండి. వర్చువల్‌బాక్సా, అసొంటిదే ఇంకోటి వీఎంవేరా అన్నది తర్వాత సంగతి. ఆ డిస్క్‌ల ఉన్నది ఉన్నట్టు ఇమేజ్, అంటే మొత్తం డిస్క్‌కు ఒక్క ఫైల్‌గ నకలు, తీసుడు మొదటి పని.

డిస్క్ కేబుల్ వెడల్పుగ పట్టీ లెక్క ఉన్నదా, సన్నగ ఎర్రదో నల్లదో ఉన్నదా? పట్టీ అయితే ఐడీఈ, సన్నది అయితే సాటా. రెంటికీ పనికొచ్చే యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతది, కరెంటు అడాప్టర్ కూడా దాంతోనే వచ్చేది తీసుకో.

పాలమూరు పెంగ్విన్ | శనివారం రాత్రి 10:05
పైన అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. ఇమేజ్ తీయడానికి విండోస్‌లో ఉండే మామూలు కాపీ వద్దు. చెడిన సెక్టార్ దగ్గర ఆగిపోయి, దాన్నే మళ్లీ మళ్లీ చదవబోయి డిస్క్‌ను చంపేస్తుంది. సిస్టమ్‌రెస్క్యూ అనే లైనక్స్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొత్త సిస్టమ్‌ను దాంతో బూట్ చేయండి. అందులో చెడిన డిస్క్‌లకు కాపీ తీసే డీడీరెస్క్యూ ఉంటుంది. అది ముందు మంచిగా ఉన్న భాగమంతా గబగబా లాగేసుకుని, మొండికేసే చోట్లకు చివర్లో వస్తుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ ఇస్తే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. మన ఊళ్లలో ఈ ఒక్క సౌకర్యం చాలు దాన్ని వాడటానికి.

ఇమేజ్‌ను బయటి హార్డ్ డిస్క్ మీదికి రాయండి, కొత్త సిస్టమ్ ఎస్‌ఎస్‌డీ మీదికి కాదు. ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది రెండుసార్లు చూసుకోండి. తిరగేసి కొడితే ఖాళీ డిస్క్ వచ్చి పాత లెక్కల మీద కూర్చుంటుంది.

ఇమేజ్ వచ్చాక దాన్ని వర్చువల్‌బాక్స్ వాళ్ల వీబాక్స్‌మేనేజ్ కమాండ్‌తో వీడీఐగా, అంటే దాని వర్చువల్ డిస్క్ ఫైల్‌గా మార్చుకోవచ్చు, కన్వర్ట్‌ఫ్రమ్‌రా అని ఉంటుంది.

కోదాడ డీటీపీ | శనివారం రాత్రి 10:40
అందరూ వర్చువల్ వర్చువల్ అంటున్నరు గానీ, అసలు అవసరమా? కాంటా సాఫ్ట్‌వేర్లు ఆ కాలంలో ఎక్కువగా వీబీ 6 (విజువల్ బేసిక్ 6)లో రాసేవాళ్లు, వెనక యాక్సెస్ డేటాబేస్. వీబీ 6 ప్రోగ్రాములు విండోస్ 11లో కూడా నడుస్తయి, వాటిని నడిపే రన్‌టైమ్ ఫైల్ విండోస్‌తోనే వస్తది. ఫోల్డర్ మొత్తం కొత్తదాంట్లకు కాపీ చేసి నొక్కి చూడండి. సీరియల్ పోర్ట్ చదివే ఓసీఎక్స్ ఫైల్ లేదని ఎర్రర్ వస్తది, దాన్ని పాత డిస్క్ నుంచి తీసుకొచ్చి సిస్‌వావ్64 ఫోల్డర్‌ల పెట్టి రెగ్‌ఎస్‌వీఆర్32 కమాండ్‌తో రిజిస్టర్ చేస్తే అయిపాయె.

నేను పెండ్లి కార్డులు, కరపత్రాలు చేస్తా. పేజ్‌మేకర్, పాత తెలుగు ఫాంట్ల కోసం నేనూ వర్చువల్ ఎక్స్‌పీనే పెట్టుకున్న. కాబట్టి దానికి వ్యతిరేకం కాదు. కానీ మందు గోలీతో పోయేదానికి ఆపరేషన్ ఎందుకు?

వనపర్తి పాత కోబాల్ | ఆదివారం ఉదయం 6:20
కోదాడ వారి మాట బాగుంది. ఒక్క చిన్న చేర్పు. ఆ ప్రోగ్రాము 32 బిట్ అయితేనే వారు చెప్పింది పనిచేస్తుంది. డాస్‌లో ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ వంటి వాటిలో రాసినదైతే అది 16 బిట్. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు, విండోస్ 11కు 32 బిట్ కూర్పే లేదు. అప్పుడు పాత డాస్ ప్రోగ్రాములను నడిపే డాస్‌బాక్స్ గాని, వర్చువల్ మిషన్ గాని తప్పదు.

ఈ వర్చువల్ మిషన్ అనేది మన పిల్లలు అనుకున్నంత కొత్తదేమీ కాదు. ఐబీఎం వాళ్లు 1972లోనే వీఎం/370 అని విడుదల చేశారు. ఒకే పెద్ద యంత్రం మీద ఒక్కొక్కరికి తమకే సొంత యంత్రం ఉన్నట్టు చూపేది. పీసీల మీదికి రావడానికి 1999 దాకా, వీఎంవేర్ వర్క్‌స్టేషన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఎందుకంటే ఇంటెల్ చిప్ ఆ పనికి అనువుగా కట్టినది కాదు. లోపలి సిస్టమ్ ఇచ్చే కొన్ని ఆజ్ఞలు బయటి సిస్టమ్‌కు తెలియకుండానే జరిగిపోయేవి. 2005, 2006లలో ఆ పని కోసమే చిప్‌లో పెట్టిన సదుపాయాలు, ఇంటెల్ వీటీ-ఎక్స్, ఏఎండీ-వీ వచ్చాక ఆ తిప్పలు తగ్గాయి.

దేవరకొండ బీటెక్ | ఆదివారం ఉదయం 10:15
అన్నా మధ్యలో వస్తున్నందుకు సారీ. నా ల్యాప్‌టాప్ 4 జీబీ ర్యామ్, విండోస్ 10. ల్యాబ్‌లో లైనక్స్ ఉంది, ఇంట్లో ప్రాక్టీస్‌కు వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు పెట్టా. మౌస్ కదిలించి చాయ్ తాగి వచ్చినా బాణం గుర్తు అక్కడే ఉంటుంది. ఏమైనా సెట్టింగ్ ఉందా?

పాలమూరు పెంగ్విన్ | ఆదివారం ఉదయం 10:28
తమ్మీ, సెట్టింగ్ లేదు, ర్యామ్ లేదు. విండోస్‌కే ఆ 4 జీబీ సరిపోతలేదు, దాంట్లోంచి 2 తీసి ఉబుంటుకు ఇస్తే రెండూ ఏడుస్తాయి. 8 జీబీ లేనిదే పూర్తి డెస్క్‌టాప్ లైనక్స్‌ను వర్చువల్‌గా పెట్టకు. ల్యాబ్ పని అంతా టెర్మినల్‌లోనే కదా? విండోస్ లోపలే లైనక్స్ ఆజ్ఞలు నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకో, చాలా తేలిక. లేదా ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న డెబియన్ లైనక్స్‌ను నేరుగా ఇన్‌స్టాల్ చేసుకో. నీ విండోస్ 10కు ఉచిత సపోర్ట్ 14 అక్టోబర్ 2025తోనే అయిపోయింది, ఎలాగూ ఏదో ఒకటి తేల్చుకోవాలి.

గద్వాల టీచరమ్మ | ఆదివారం మధ్యాహ్నం 1:05
తమ్ముడూ, ల్యాప్‌టాప్ వెనక ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందేమో చూడు. ఇంకో 4 జీబీ కర్ర వేస్తే చాలావరకు తీరిపోతుంది. మా స్కూల్ ల్యాబ్‌లో అదే చేశాం.

నాది చిన్న సందేహం. మా అన్న కొడుకు ఎం1 మ్యాక్ కొన్నాడు. అందులో విండోస్ కావాలట. వర్చువల్‌బాక్స్ పెడితే అవుతుందా?

నల్లగొండ రిపేర్ | ఆదివారం మధ్యాహ్నం 1:40
అక్కా, ఎం1 చిప్ ఆర్మ్ రకం. మామూలు విండోస్ ఇంటెల్ రకానికి రాసింది. వర్చువలైజేషన్ అంటే ఉన్న చిప్‌నే పంచుకొనుడు, లేని చిప్‌ను పుట్టించుడు కాదు. కాబట్టి ఆర్మ్ కోసం వచ్చే విండోస్ 11 పెట్టుకోవాలె. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లల్ల ప్యారలల్స్ అయితే డబ్బులు పెట్టి కొనాలె, యూటీఎం ఉచితం. ఆర్మ్ విండోస్‌ల ఇంటెల్ ప్రోగ్రాములు చాలావరకు నడుస్తయి. ట్యాలీ లాంటివి కావాలంటే ముందు అడిగి కనుక్కొమ్మను.

మిర్యాలగూడ కాంటా | సోమవారం రాత్రి 8:50
ఇమేజ్ వచ్చింది! డిస్క్ ఐడీఈ. నల్లగొండ పోయి అడాప్టర్ తెచ్చిన. డీడీరెస్క్యూ రాత్రంతా నడిచింది, పొద్దుగాల చూస్తే కొద్దిగ తప్ప అంతా వచ్చింది.

కోదాడ అన్న చెప్పినట్టు ఫోల్డర్ కాపీ చేసి కూడా చూసిన. వీబీ 6దే. ఓసీఎక్స్ రిజిస్టర్ చేస్తే తెరుచుకుంది, పాత లెక్కలు కనపడ్డయ్. కానీ స్లిప్పు కొట్టంగనే రిపోర్ట్ ఫైల్ ఏదో లేదని మూసుకుపోతున్నది. ఇంకోటి, ప్రింటింగ్ నేరుగ ఎల్‌పీటీ1కే, అంటే పాత ప్రింటర్ పోర్ట్‌కే పంపిస్తది. కొత్త సిస్టమ్‌ల ఎల్‌పీటీ ఎక్కడిది?

దాంతోని వర్చువల్‌బాక్స్‌ల ఆ ఇమేజ్ పెట్టిన. ముందు బయోస్‌ల వీటీ (కోబాల్ గారు చెప్పిన వీటీ-ఎక్స్) ఆఫ్ ఉన్నదని తిట్టింది. ఆన్ చేసినంక ఎక్స్‌పీ బొమ్మ వచ్చి, వెంటనే నీలం తెర. చివర్ల 7బి అని ఉన్నది.

నల్లగొండ రిపేర్ | సోమవారం రాత్రి 9:10
7బి అంటే ఎక్స్‌పీకి దాని డిస్క్ దొరకలే. పాత బోర్డు మీద ఉన్న కంట్రోలర్ వేరు, వర్చువల్‌బాక్స్ చూపెట్టే కంట్రోలర్ వేరు. నువ్వు డిస్క్‌ను సాటా కింద తగిలించినవేమో చూడు. దాన్ని తీసేసి ఐడీఈ కంట్రోలర్ కింద పెట్టు, రకం పీఐఐఎక్స్4. చాలాసార్లు అంతటితోనే లేస్తది. అప్పటికీ లేవకుంటే ఎక్స్‌పీ సీడీ పెట్టి రిపేర్ ఇన్‌స్టాల్ చెయ్యాలె, డేటా పోదు.

సీపీయూ ఒక్కటే ఇయ్యి. ర్యామ్ 1 జీబీ చాలు, ఎక్స్‌పీకి అదే ఎక్కువ. కొత్త సిస్టమ్ చిప్ ఏఎండీ అయ్యుంటే ఇంటెల్‌పీపీఎం అనే డ్రైవర్‌తోని ఇంకో లొల్లి ఉండేది, నీది ఐ3 కాబట్టి బచాయించినవ్.

ఒక మాట సూటిగ చెప్తున్న: ఆ పాత సిస్టమ్‌తోని వచ్చిన ఎక్స్‌పీ ఓఈఎం లైసెన్స్ అయితే, అది ఆ డబ్బాకే ముడివడి ఉంటది. లోపల హార్డ్‌వేర్ మారిందని మళ్లీ యాక్టివేషన్ అడుగొచ్చు. దానికి అడ్డదారులు ఇక్కడ అడగొద్దు, చెప్పొద్దు.

మోడరేటర్ | సోమవారం రాత్రి 9:15
చివరి వాక్యం అందరికీ. క్రాక్ లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను.

మిర్యాలగూడ కాంటా | మంగళవారం ఉదయం 7:35
లేసింది! మా ఆపరేటర్ ఆ పచ్చ గడ్డి మైదానం బొమ్మ చూసి నవ్విండు. లైసెన్స్ స్టిక్కర్ సంగతి బావమరిది చూసుకుంటున్నడు.

కానీ మస్తు నిదానం. కింద మూల మీద ఆకుపచ్చ తాబేలు బొమ్మ వస్తున్నది. అదేంది?

పాలమూరు పెంగ్విన్ | మంగళవారం ఉదయం 8:02
ఆ తాబేలును ఊరికే పెట్టలేదు వాళ్లు. మీ విండోస్ 11 తన భద్రత కోసం తన సొంత వర్చువల్ ఇంజన్ హైపర్-వీని అప్పటికే లోపల నడుపుతోంది. వీటీ-ఎక్స్‌ను అది పట్టుకుని కూర్చుంటే వర్చువల్‌బాక్స్ దాని మీద స్వారీ చేయాల్సి వస్తుంది, అందుకే తాబేలు. హోమ్‌లో హైపర్-వీ ఉండదు కదా అంటారు చాలామంది. హైపర్-వీ మేనేజర్ ఉండదు గానీ అడుగున ఉండే ఇంజన్ హోమ్‌లోనూ ఉంటుంది.

విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసోలేషన్, అక్కడ మెమరీ ఇంటిగ్రిటీ ఆఫ్ చేయండి. విండోస్ ఫీచర్స్‌లో వర్చువల్ మిషన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసేయండి. రీస్టార్ట్. తాబేలు పోయి 'వీ' గుర్తు రావాలి. మెమరీ ఇంటిగ్రిటీ తీస్తే బయటి విండోస్‌కు కొంత రక్షణ తగ్గుతుంది. అది కాంటా గదిలో ఉండే సిస్టమ్, అందులో బ్యాంకు పనులు, మెయిళ్లు చూడకుండా ఉంటే సరి.

బయోస్‌లో మళ్లీ చేయి పెట్టే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే సదుపాయం) రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి తీసి కాగితం మీద రాసుకోండి. కొత్త సిస్టమ్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయి ఉంటుంది.

కోదాడ డీటీపీ | మంగళవారం ఉదయం 9:20
ఇంత తిప్పలెందుకు, వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో ఇప్పుడు ఉచితమే కదా. 2024 మేలో సొంత వాడకానికి ఇచ్చిండ్రు, అదే ఏడు నవంబర్ నుంచి వ్యాపారానికి కూడా. నా ఎక్స్‌పీ అందులోనే ఉంది, బ్రహ్మాండంగ నడుస్తది.

నల్లగొండ రిపేర్ | మంగళవారం ఉదయం 9:45
మంచిదే. కానీ తాబేలు రోగం దానికి కూడా ఉంటది, బొమ్మ కనపడదు గంతే. వర్చువల్‌బాక్స్ అయినా మిల్లులో వాడుకోవచ్చు, అసలు ప్యాకేజ్ జీపీఎల్ అనే ఉచిత లైసెన్స్ కింద ఉన్నది. అదనంగ వేసుకునే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ ఒక్కటే సొంత వాడకానికి, వ్యాపారానికి లైసెన్స్ కొనాలె. అది ఇక్కడ అవసరమే లేదు, వేయకు. నడుస్తున్న దాన్ని కదపొద్దు.

ఇప్పుడు అసలు పని, సీరియల్. యూఎస్‌బీ నుంచి సీరియల్ కన్వర్టర్ తీసుకో, ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది అయితే మంచిది. సస్తా వాటిల్ల నకిలీ చిప్‌లు ఉంటయ్, కొత్త డ్రైవర్ వాటిని ఒప్పుకోదు. కన్వర్టర్ పెట్టి డివైస్ మేనేజర్‌ల ఏ కామ్ నంబర్ వచ్చిందో చూడు. 10 దాటితే అడ్వాన్స్‌డ్‌ల పోయి కామ్3 లాంటి చిన్న నంబర్ చెయ్యి.

ఎక్స్‌పీ జోలికి పోకముందే బయట విండోస్ 11లనే సీరియల్ పోర్ట్‌ల వచ్చేది చూపెట్టే పుట్టీ సాఫ్ట్‌వేర్ తెరిచి, సీరియల్, కామ్3, 9600 పెట్టి చూడు. ఇండికేటర్ ఆగకుండ పంపే రకం అయితే కాంటా మీద నిలబడితే నీ బరువు తెర మీద పారాలె. చెత్త అక్షరాలు వస్తే స్పీడ్ తప్పు, 2400, 4800 కొట్టి చూడు, ఇండికేటర్ సెటప్‌ల ఉంటది. ఏమీ రాకుంటే కేబుల్‌ల 2, 3 పిన్నులు తారుమారు అయినయేమో చూడాలె. ఇక్కడ బరువు కనపడనిది లోపల ఎక్స్‌పీల ఎన్నటికీ కనపడదు.

కనపడ్డంక పుట్టీ మూసెయ్యి. పోర్ట్ ఒకేసారి ఇద్దరికి దొరకదు. వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్‌ల సీరియల్ పోర్ట్స్, కామ్1 ఎనేబుల్, మోడ్ హోస్ట్ డివైస్, పాత్ దగ్గర కామ్3. ఎక్స్‌పీకి అది పాత కామ్1 లెక్కనే కనపడ్తది, సాఫ్ట్‌వేర్‌ల ఏదీ మార్చక్కర్లేదు. కన్వర్టర్‌ను ఎప్పుడూ అదే యూఎస్‌బీ రంధ్రంలో పెట్టాలె, వేరేదాంట్ల పెడితే నంబర్ మారొచ్చు. టేపు వేసి 'తీయొద్దు' అని రాయి.

మిర్యాలగూడ కాంటా | మంగళవారం రాత్రి 10:20
తాబేలు పోయింది. పుట్టీల బరువు వచ్చింది, 2400 మీద. ఎక్స్‌పీల కూడా వచ్చింది! ట్రాక్టర్ ఎక్కిస్తే ఇండికేటర్ మీద ఏ అంకె ఉన్నదో తెర మీద అదే.

ఇగ ప్రింటర్. డాట్ మ్యాట్రిక్స్‌కు యూఎస్‌బీ కూడా ఉన్నది. విండోస్ 11ల షేర్ చేసి ఎక్స్‌పీ నుంచి తీసుకుందామంటే దొరుకుతలేదు.

వనపర్తి పాత కోబాల్ | బుధవారం ఉదయం 6:05
దొరకదు. ఎక్స్‌పీకి తెలిసిన షేరింగ్ భాష ఎస్ఎంబీ 1 ఒక్కటే, విండోస్ 11లో దాన్ని మూసి ఉంచారు. తెరవవద్దు కూడా. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వాన్నాక్రై వైరస్ ఆ తలుపు గుండానే వచ్చింది.

ప్రింటర్‌ను యూఎస్‌బీ ద్వారా నేరుగా లోపలి ఎక్స్‌పీకే అప్పగించండి. సెట్టింగులలో యూఎస్‌బీ 2.0 కంట్రోలర్ ఎంచుకోండి, ఎక్స్‌పీకి 3.0 తెలియదు. ఫిల్టర్‌గా ప్రింటర్‌ను చేరిస్తే మిషన్ లేచినప్పుడల్లా దానికే వెళుతుంది. లోపల డ్రైవర్ వేసి, ఎక్స్‌పీలోనే ఆ ప్రింటర్‌ను షేర్ చేసి, నెట్ యూజ్ ఆజ్ఞతో ఎల్‌పీటీ1ని ఆ షేర్‌కు కట్టేయండి, పర్సిస్టెంట్ అని చేర్చి. ప్రోగ్రాము ఎల్‌పీటీ1కి పంపాననుకుంటుంది, కాగితం యూఎస్‌బీ మీద వస్తుంది.

చిక్కొకటుంది. ఎక్స్‌పీకి నెట్‌వర్క్ కార్డు పూర్తిగా తీసేస్తే ఈ కట్టు నిలవకపోవచ్చు. ఇంటర్నెట్ మాత్రం ఇవ్వకూడదు, 2014 ఏప్రిల్ 8 తర్వాత దానికి సపోర్ట్ లేదు. కాబట్టి నెట్‌వర్క్‌ను ఇంటర్నెట్ ఇచ్చే 'నాట్' నుంచి 'ఇంటర్నల్ నెట్‌వర్క్'కు మార్చండి. కేబుల్ తగిలి ఉన్నట్టు ఎక్స్‌పీ అనుకుంటుంది, ఆ తీగ మాత్రం ఎక్కడికీ పోదు.

పాలమూరు పెంగ్విన్ | బుధవారం ఉదయం 8:30
కోబాల్ గారూ, ఆ ఇంటర్నల్ నెట్‌వర్క్ ఉపాయం రాసిపెట్టుకుంటున్నా.

మిర్యాలగూడ వారూ, అన్నీ కుదిరాక స్నాప్‌షాట్ (ఆ క్షణంలో మిషన్ ఎలా ఉందో అలా దాచేది) ఒకటి తీసి పెట్టుకోండి. ఏదైనా చెడితే ఒక్క నొక్కుతో వెనక్కి వస్తారు.

కోదాడ డీటీపీ | బుధవారం ఉదయం 9:00
ఆగండాగండి. పెండ్లి కార్డుకు స్నాప్‌షాట్ మంచిదే. కాంటాకు ప్రమాదం. రెండు నెలలు తూకాలు వేసినంక ఎవడో ఆ ఒక్క నొక్కు నొక్కితే ఆ రెండు నెలల స్లిప్పులూ గాలికి పోతయి. ఆపరేటర్‌కు ఆ బటన్ కనపడనే కూడదు.

పాలమూరు పెంగ్విన్ | బుధవారం ఉదయం 9:12
నిజమే, అందుకు దారి ఉంది. డేటాబేస్ ఉండే ఫోల్డర్‌కు వేరే వర్చువల్ డిస్క్ తగిలించి, వర్చువల్ మీడియా మేనేజర్‌లో దాన్ని 'రైట్‌త్రూ' రకంగా మార్చండి, స్నాప్‌షాట్ తీయకముందే. స్నాప్‌షాట్‌లు దాన్ని ముట్టుకోవు. సీ డ్రైవ్ వెనక్కి పోయినా తూకాలు ఉన్నచోటే ఉంటాయి.

నల్లగొండ రిపేర్ | బుధవారం ఉదయం 9:50
అది కూడా బ్యాకప్ కాదు. అదే ఎస్‌ఎస్‌డీ పోతే అన్నీ పోతయ్. లోపలి ఎక్స్‌పీల వర్చువల్‌బాక్స్ వాళ్ల గెస్ట్ అడిషన్స్ వేసుకో, షేర్డ్ ఫోల్డర్ పెట్టు. దానికి ఎస్ఎంబీతోని సంబంధం లేదు. రోజూ గేటు మూసేటప్పుడు డేటాబేస్ ఫైల్ ఆ ఫోల్డర్‌లకు, అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌కు. సాఫ్ట్‌వేర్ మూసినంకనే కాపీ చెయ్యాలె.

గెస్ట్ అడిషన్స్‌తోని ఇంకో లాభం, గడియారం. మిషన్‌ను 'సేవ్ స్టేట్' చేసి (ఉన్నకాడనే ఆపి దాచి) పొద్దున లేపితే లోపలి టైం నిన్నటి దగ్గరనే ఆగిపోవచ్చు. అడిషన్స్ ఉంటే సరిచేసుకుంటది. స్లిప్పు మీద తారీఖు తప్పు పడితే రైతుతోని, లారీ ఆయనతోని పంచాయితీ నీకే. నన్నడిగితే సేవ్ స్టేట్ వద్దు, రోజూ పూర్తిగ షట్‌డౌన్. యూపీఎస్ లేకుంటే ఇవ్వాళే కొను. కరెంటు టప్పున పోతే ఇప్పుడు ఒకటి కాదు, రెండు విండోస్‌లు దెబ్బతింటయ్.

దేవరకొండ బీటెక్ | బుధవారం మధ్యాహ్నం 12:40
డబ్ల్యూఎస్ఎల్ పెట్టా అన్నా, ల్యాబ్ ప్రోగ్రాములు నడుస్తున్నయ్. స్లాట్ కూడా ఖాళీ ఉంది అక్కా, డీడీఆర్4 అని రాసి ఉంది. నాన్నను అడగాలి.

మిర్యాలగూడ కాంటా | గురువారం రాత్రి 9:05
స్లిప్పు వచ్చింది. ఎల్‌పీటీ1 కట్టుడు కూడా పనిచేసింది. డేటాబేస్ వేరే డిస్క్‌ల పెట్టిన, యూపీఎస్ రేపొస్తది. పాత డిస్క్‌ను కవర్‌ల చుట్టి బీరువాల పెట్టిన.

ఒక్క పరేషాన్ మిగిలింది. మా ఆపరేటర్‌కు రెండు విండోస్‌లు అర్థమైతలేవు. ఏది నొక్కితే ఏది మూసుకుంటదో అని భయపడ్తున్నడు. ఆన్ చేయంగనే సీదా ఎక్స్‌పీనే నిండుగ వచ్చేటట్టు చెయ్యొచ్చా? ఎక్స్‌పీ నుంచి బయటికి రావడానికి నొక్కే ఆ రైట్ కంట్రోల్ కీ మా కీబోర్డ్‌ల పనిచేస్తలేదు కూడా.

నల్లగొండ రిపేర్ | గురువారం రాత్రి 9:30
చెయ్యొచ్చు. వీబాక్స్‌మేనేజ్ స్టార్ట్‌వీఎం అని మిషన్ పేరు రాసి బ్యాచ్ ఫైల్ చెయ్యి, దాన్ని విండోస్ 11 స్టార్టప్ ఫోల్డర్‌ల పెట్టు. లోపల ఒకసారి ఫుల్‌స్క్రీన్ చేసి పెడితే తర్వాత అట్లనే తెరుచుకుంటది. కింద తేలే మినీ టూల్‌బార్ ఆఫ్ చెయ్యి, మూసే గుర్తు దాని మీదనే ఉంటది. ఆ రైట్ కంట్రోల్‌ను హోస్ట్ కీ అంటరు, దాన్ని ప్రిఫరెన్సెస్‌ల ఇన్‌పుట్‌ల మార్చుకో, ఎఫ్12 పెట్టు. ఆపరేటర్ ఎక్స్‌పీని షట్‌డౌన్ చేసి, తర్వాత బయటిదాన్ని షట్‌డౌన్ చెయ్యాలె, గంతే నేర్పు. విండోస్ 11 అప్‌డేట్‌లు మిల్లు నడిచే గంటల్ల రీస్టార్ట్ కాకుండ యాక్టివ్ అవర్స్ పెట్టుడు మర్చిపోకు.